చేతితో చుట్టే చిన్న తీగచుట్టలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రేడియోలకు, రిలేలకు (విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్‌లకు), బడి ప్రయోగాలకు కావలసిన చిన్న తీగచుట్టలను ఇంట్లోనే చేతితో చుట్టుకోవడంలో ఎదురయ్యే ఇబ్బందుల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వాటిని కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాము. గేజ్ అని రాసిన ప్రతిచోటా, వేరుగా చెప్పకపోతే, మన దుకాణాలలో వాడుకలో ఉన్న ఎస్.డబ్ల్యు.జి. అనే బ్రిటిష్ తీగ మందపు కొలతే అని, అందులో సంఖ్య పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందని గ్రహించగలరు.

ప్రశ్న: మాది చేనేత కుటుంబం. ఇంట్లో కండెలు చుట్టే రాట్నం ఉంది. దాని కదురుకు చిన్న బాబిన్ బిగించి 40 గేజ్ ఎనామిల్ తీగతో రిలే కాయిల్ చుట్టాలని ప్రయత్నిస్తే రెండు మూడు వందల చుట్లు పడేసరికి తీగ తెగిపోతోంది. ఈ పనికి రాట్నం పనికిరాదా, లేక నేను కొన్న తీగ నాసిరకమా?
— పాలిటెక్నిక్ విద్యార్థి, చీరాల

జవాబు: రాట్నం చక్కగా పనికివస్తుంది. తీగలో కూడా లోపం ఉండకపోవచ్చు. తీగ తెగేది చుట్టుకునే చోట జరిగే పొరపాటు వల్ల కాదు, చాలావరకు అది రీలు నుంచి వదులయ్యే చోట జరిగే పొరపాటు వల్ల. ఈ పనిలో కొత్తవారి దృష్టి అంతా తిరిగే బాబిన్ మీదే ఉంటుంది కానీ, చుట్ట మంచిచెడులను నిర్ణయించేది రాట్నం తిప్పే చేయి కాదు, తీగను వదిలే చేయి.

40 గేజ్ తీగ మందం 0.122 మిల్లీమీటర్లు. అంత సన్నని మెత్తని రాగి తీగ సుమారు పావుకిలో బరువు వేలాడదీస్తే తెగిపోతుంది, అందులో సగం బరువు పడకముందే సాగడం మొదలుపెడుతుంది. సాగిన తీగ అప్పటికి తెగకపోయినా సన్నబడుతుంది, దాని నిరోధం పెరుగుతుంది, పైనున్న ఎనామిల్ పూత బీటలువారుతుంది. అలాంటి తీగతో చుట్టిన కాయిల్ కొన్నాళ్లు పనిచేసి, వేడెక్కి చల్లారడం నాలుగుసార్లు జరిగాక లోపల ఎక్కడో తెగిపోతుంది. అందువల్ల తెగకుండా చుట్టగలిగితే చాలదు, సాగకుండా చుట్టాలి.

మీరు తీగ రీలును ఒక మేకుకో ఇనుప చువ్వకో గుచ్చి, అది గిరగిర తిరుగుతూ తీగను వదిలేలా అమర్చి ఉంటారని అనుకుంటున్నాను. ఇక్కడే చిక్కు ఉంది. మీరు రాట్నం నెమ్మదింపజేసిన క్షణంలో బరువైన రీలు అదే వేగంతో తిరుగుతూ అవసరానికి మించి తీగ వదులుతుంది. మళ్లీ వేగం పెంచగానే ఆ వదులంతా ఒక్కసారిగా బిగుసుకొని, ఆగబోతున్న రీలును కదిలించే భారమంతా వెంట్రుకంత తీగ మీద పడుతుంది. ఆ కుదుపుకు పావుకిలో బలం చాలా సులభంగా పుడుతుంది.

పరిష్కారం మీ ఇంటి మగ్గంలోనే ఉంది. నాడెలో కండె తిరగదు. అది కదలకుండా ఉండి, పేక నూలు దాని కొన మీదుగా జారుతూ బయటికి వస్తుంది. తీగ రీలును కూడా అలాగే నిలువుగా, కదలకుండా నేల మీద నిలబెట్టండి. దానికి సరిగ్గా పైన ఒక అడుగు ఎత్తులో నునుపైన పింగాణీ లేదా గాజు ఉంగరం ఒకటి అమర్చి, తీగను రీలు పై అంచు మీదుగా ఆ ఉంగరంలోకి, అక్కడి నుంచి బాబిన్‌కు తీసుకెళ్లండి. రీలు పై అంచు గరుకుగా ఉంటే ఒక దళసరి కాగితాన్ని శంకువులా చుట్టి దానిపై తొడగండి. ఈ పద్ధతిలో రీలు నుంచి ఊడివచ్చే ప్రతి చుట్టుకూ తీగలో ఒక మెలి పడుతుంది. సన్నని తీగకు ఆ మెలితో హాని లేదు. అయితే సుమారు 28 గేజ్ కంటే మందమైన తీగలో ఆ మెలికలు కూడుకొని ఉచ్చులు పడతాయి కాబట్టి, దానికి మాత్రం రీలు తిరిగేలానే అమర్చి, రీలు పక్కకు ఒక గుడ్డ ముక్కను ఆనించి స్వల్పంగా నిరోధం కలిగించాలి. ఏ తీగలోనైనా ఉచ్చు పడినట్లు కనిపిస్తే లాగి సరిచేయబోకండి. రాట్నం ఆపి, ఉచ్చును వేళ్లతో వెనక్కు విప్పి, ఆ తరువాతే ముందుకు సాగండి.

ఉంగరానికీ బాబిన్‌కూ మధ్య తీగ రెండు ఉన్ని ముక్కల నడుమ నుంచి సాగిపోవాలి. ఉన్ని ముక్కలను బట్టల క్లిప్పుతో పట్టి ఉంచవచ్చు. కానీ క్లిప్పు స్ప్రింగు బలం 40 గేజ్‌కు ఎక్కువే కాబట్టి, ఆ తీగకు వేళ్ల మధ్య ఉన్ని ముక్కను తేలికగా పట్టుకోవడమే మేలు. వట్టి వేళ్లతో మాత్రం పట్టుకోకండి. మన కోస్తా ఉక్కలో చెమట పట్టిన వేళ్లు తగిలిన సన్నని తీగ, ఎనామిల్‌లో సూదిమొనంత రంధ్రం ఉన్నా చాలు, నెలలు గడిచాక అక్కడ పచ్చగా చిలుము పట్టి తెగిపోతుంది. బాబిన్ గుండ్రంగా కాక చతురస్రంగా ఉంటే, తీగ లాగబడే వేగం ఒక్కొక్క చుట్టులో నాలుగుసార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఆ హెచ్చుతగ్గులను వేళ్లే సర్దుకోవాలి కాబట్టి అలాంటి బాబిన్‌ను మరింత నెమ్మదిగా తిప్పాలి.

ఇక లెక్క సంగతి. రాట్నం చక్రం ఒకసారి తిరిగితే కదురు ఎన్నో సార్లు తిరుగుతుంది, పైగా వాటిని కలిపే దారం జారుతూ ఉంటుంది. కనుక చక్రాన్ని లెక్కపెట్టి చుట్లు అంచనా వేయడం కుదరదు. కదురుకు ఒక చిన్న అయస్కాంతం అతికించి, దాని ఎదురుగా ఒక రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకు రాగానే మూసుకునే చిన్న స్విచ్) ఉంచి, ఆ స్విచ్ రెండు కొసలను ఒక చవక కాలిక్యులేటర్‌లోని ‘సమానం’ మీట కింది రెండు బిందువులకు కలపండి. అయస్కాంతం ఒక పక్కే ఉంటే కదురు ఊగుతుంది కాబట్టి ఎదురు పక్కన అంతే బరువు గల ఇంకేదైనా అతికించడం మంచిది. ఒకటి, ప్లస్, ఒకటి, సమానం అని నొక్కిన తరువాత, సామాన్య కాలిక్యులేటర్లలో సమానం మీట ఎన్నిసార్లు మూసుకుంటే అన్ని ఒకట్లు కలుస్తూ పోతాయి. సెకనుకు నాలుగైదు చుట్లు దాటితే కాలిక్యులేటర్ వెనకబడి లెక్క తప్పవచ్చు. 40 గేజ్‌కు అంతకు మించిన వేగం అవసరం కూడా లేదు.

సన్నని తీగ కొసలను నేరుగా బయటికి తీయవద్దు. మొదలులోనూ చివరలోనూ మెత్తని పోగుల వైరు ముక్కను సన్నని తీగకు టంకం వేసి అతికి, ఆ అతుకును మడిచిన కాగితంలో ఉంచి, పోగుల వైరును బాబిన్ చుట్టూ ఒకటి రెండు చుట్లు తిప్పి బయటికి తీయండి. అప్పుడు బయటి నుంచి ఎవరు లాగినా ఆ లాగుడు సన్నని తీగ దాకా పోదు. మధ్యలో తెగినప్పుడు కూడా ఇదే విధంగా అతికి కాగితం మడతలో దాచి కొనసాగించవచ్చు. మూడు వందల చుట్ల దగ్గర తెగిందని మొత్తం విప్పి పారేయనక్కరలేదు.

ప్రశ్న: పిల్లలతో మేకు మీద తీగ చుట్టించి విద్యుదయస్కాంతం చేయిస్తాను. మొదటి పొర ఎడమ నుంచి కుడికి, రెండో పొర కుడి నుంచి ఎడమకు చుట్టుకుంటూ వస్తే ఒకదాని అయస్కాంతత్వాన్ని మరొకటి రద్దు చేయదా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. మరొక సందేహం నాది: 36 గేజ్ తీగతో 100 చుట్లు చుట్టినప్పుడు ఎన్ని గుండుసూదులు లేచాయో, 200 చుట్లు చుట్టినా దాదాపు అన్నే లేచాయి. ఎందుకని?
— భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: పిల్లల సందేహం మంచిది, దానికి జవాబు వారి కళ్ల ముందే చూపవచ్చు. తీగ ఏ వైపుకు జరుగుతోందన్నది ముఖ్యం కాదు, మేకు చుట్టూ ఏ దిశలో తిరుగుతోందన్నదే ముఖ్యం. మేకు తలవైపు నుంచి చూస్తూ మొదటి పొరను గడియారం ముళ్లు తిరిగే దిశలో చుట్టి ఉంటే, వెనక్కు వచ్చే రెండో పొర కూడా, మధ్యలో మేకును తిప్పి పట్టుకోనంతవరకు, గడియారం ముళ్ల దిశలోనే తిరుగుతుంది. రెండు పొరల బలం కలుస్తుందే తప్ప తీసివేత ఉండదు. చుట్టడం మధ్యలో ఆపి, మేకును అటుదిటు చేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడే నిజంగా రద్దు జరుగుతుంది. పిల్లలు మేకును చేతిలో పట్టుకొని చుట్టేటప్పుడు ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది కాబట్టి, మేకు తలకు ముందే ఎర్రరంగు పూయించి, రంగు ఎప్పుడూ ఎడమచేతి వైపే ఉండాలని చెప్పండి.

ఇక్కడ చరిత్ర కొంత చెప్పడం పిల్లలకు ఉపయోగపడుతుంది. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ చూపిన విద్యుదయస్కాంతంలో తీగకు పూత లేదు. ఆయన ఇనుప కడ్డీకే వార్నిష్ పూసి, వట్టి రాగి తీగను చుట్టుకూ చుట్టుకూ తగలకుండా ఎడంగా చుట్టారు కనుక ఒక్క పొరకు మించి చుట్టే వీలు లేకపోయింది. కొద్ది సంవత్సరాలకే అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకు పట్టు చుట్టి, చుట్లను ఒకదానికొకటి ఆనించి, పొర మీద పొర వేశారు. విద్యుదయస్కాంతం బలం ఒక్కసారిగా పెరగడానికి కారణం అదే. ఈనాడు మనం చుట్టే తీగ మీది పల్చని ఎనామిల్ ఆ పట్టు చేసిన పనినే చేస్తోంది.

మీ రెండో సందేహానికి వద్దాము. మేకు బలం చుట్ల సంఖ్య మీద ఒక్కదాని మీదే కాక, చుట్లను ప్రవాహంతో గుణించగా వచ్చే విలువ మీద ఆధారపడుతుంది. 36 గేజ్ తీగకు మీటరుకు 0.59 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. మేకు మీద ఒక చుట్టుకు సగటున 22 మిల్లీమీటర్లు పడుతుందనుకుంటే 100 చుట్లకు 2.2 మీటర్లు, అంటే 1.3 ఓమ్‌లు. ఒకటిన్నర వోల్టుల పెద్ద సెల్‌కు తన లోపలి నిరోధం 0.3 ఓమ్ ఉందనుకుంటే ప్రవాహం 0.9 ఆంపియర్ల చుట్టుపక్కల, గుణిస్తే తొంభై పైచిలుకు ఆంపియర్ చుట్లు. చుట్లను 200 చేయగానే తీగ పొడవు రెట్టింపు కంటే కాస్త ఎక్కువై, ప్రవాహం సుమారు సగానికి పడిపోతుంది. గుణకారంలో ఫలితం దాదాపు అంతే ఉంటుంది. మీ పిల్లలు గుండుసూదులతో కొలిచింది పూర్తిగా సరైనదే. చుట్లు పెరిగినందువల్ల కలిగిన లాభమల్లా సెల్ నిదానంగా ఖర్చు కావడం, తీగ తక్కువగా వేడెక్కడం మాత్రమే.

బలం కావాలంటే తీగను లావు చేయాలి. 30 గేజ్ తీగకు మీటరుకు 0.22 ఓమ్. దానితో 300 చుట్లు చుట్టితే, పై పొరలు పెద్దవి కాబట్టి చుట్టుకు సగటున 25 మిల్లీమీటర్లు లెక్కించినా, ఏడున్నర మీటర్లు, 1.7 ఓమ్‌లు అవుతుంది. అదే సెల్‌తో ముప్పావు ఆంపియర్ ప్రవహించి, సుమారు 230 ఆంపియర్ చుట్లు వస్తాయి. అంటే సెల్ మీద భారం కొద్దిగా తగ్గుతూనే బలం రెండున్నర రెట్లవుతుంది. అలాగని 22 గేజ్ దాకా పోతే సెల్‌ను తీగతో నేరుగా కలిపినట్లే అయి, పిల్లల చేతిలో సెల్ కాలుతుంది. 28 నుంచి 32 గేజ్ మధ్య తీగ బడికి సరిపోతుంది.

ప్రశ్న: విజయవాడ కేంద్రం వినడానికి బ్యాటరీ అక్కరలేని క్రిస్టల్ రేడియో కట్టుకోవాలనుకుంటున్నాను. 50 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టం, 26 గేజ్ తీగ, తిప్పి విలువ మార్చుకునే 365 పికోఫారడ్ల గ్యాంగ్ కండెన్సర్ ఉన్నాయి. ఎన్ని చుట్లు చుట్టాలి, చుట్లు వదులు కాకుండా ఎలా చుట్టాలి?
— విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

జవాబు: మీడియం వేవ్ కింది అంచు అయిన 530 కిలోహెర్ట్జ్ సమీపం నుంచి 365 పికోఫారడ్ల కండెన్సర్‌తో అందుకోవాలంటే సుమారు 240 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ (ప్రవాహంలో మార్పును అడ్డుకునే చుట్ట గుణం) ఉండాలి. ఒకే పొర చుట్టకు అమెరికన్ ఇంజినీరు హెరాల్డ్ వీలర్ 1928లో ఇచ్చిన సూత్రం చేతి లెక్కకు ఎంతో అనువైనది. మిల్లీమీటర్లలోకి మార్చుకుంటే అది ఇలా ఉంటుంది: చుట్ట వ్యాసం వర్గాన్ని చుట్ల సంఖ్య వర్గంతో గుణించి, దానిని వ్యాసానికి 457 రెట్లు, చుట్ట పొడవుకు 1016 రెట్లు కలిపిన మొత్తంతో భాగిస్తే మైక్రోహెన్రీలు వస్తాయి. చుట్ట పొడవు వ్యాసంలో నాలుగు పదోవంతుల కంటే ఎక్కువగా ఉన్నంతవరకు ఈ సూత్రంలో తేడా ఒక శాతానికి మించదు.

మీ గొట్టం బయటి వ్యాసం 50, తీగ మందం పూతతో కలిపి 0.5 మిల్లీమీటర్లు కాబట్టి చుట్ట వ్యాసం 50.5గా తీసుకోండి. 76 చుట్లు వేస్తే పొడవు 38 మిల్లీమీటర్లు, లెక్క 239 మైక్రోహెన్రీలు. విజయవాడ 837 కిలోహెర్ట్జ్‌కు ఈ చుట్టతో సుమారు 150 పికోఫారడ్లు కావాలి. అంటే మీ కండెన్సర్ తిరుగుడులో నడిమి భాగంలో ఆ కేంద్రం పడుతుంది. అన్నట్టు, గొట్టాన్ని పేరుకు ఉన్న సైజుతో నమ్మకండి. దుకాణంలో అర అంగుళం, రెండు అంగుళాలు అని పిలిచే గొట్టాల బయటి కొలత వేరుగా ఉంటుంది కాబట్టి, కాలిపర్‌తోనో గొట్టం చుట్టూ కాగితం చుట్టి కొలిచో అసలు వ్యాసం తెలుసుకొని లెక్క మళ్లీ వేసుకోండి.

చుట్టే విధానానికి వస్తే, ఈ తీగకు రాట్నమూ డ్రిల్లూ అక్కరలేదు. మీకు కావలసిన తీగ 12 మీటర్లు. కొసలకు కలిపి 13 మీటర్లు కత్తిరించి, ఒక కొసను వరండా చివర కిటికీ ఊచకు కట్టి, మిగిలిన తీగను నేల తాకకుండా పొడుగునా సాగదీయండి. గొట్టం అంచుకు ఒక సెంటీమీటరు లోపల పక్కపక్కన రెండు సన్నని రంధ్రాలు చేసి, తీగ రెండో కొసను ఒక రంధ్రంలో లోపలికి, ఇంకొక రంధ్రంలో బయటికి, మళ్లీ మొదటి రంధ్రంలో లోపలికి పోనిస్తే అది గట్టిగా నిలుస్తుంది. ఇక గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకొని, తీగను మీ శరీరం బరువుతో కొద్దిగా వెనక్కు లాగి ఉంచుతూ, గొట్టాన్ని తిప్పుకుంటూ కిటికీ వైపు నడవండి. తీగ బిగువు మొదటి నుంచి చివరి దాకా ఒకే విధంగా ఉంటుంది, మెలి పడదు, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవాలన్నా బిగువు పోకుండా నిలబడితే చాలు. కొత్త చుట్టు పడేటప్పుడు తీగ పాత చుట్ల వైపుకు చాలా స్వల్పంగా వాలి ఉండాలి. అప్పుడు ప్రతి చుట్టూ దానంతట అదే ముందరి దానికి ఆనుకుంటుంది. మరీ ఎక్కువ వాలితే పాత చుట్టు మీదికి ఎక్కుతుంది. ఆ వాలు ఎంతో మాటల్లో చెప్పడం కష్టం. బొటనవేలిని చుట్టు పడే చోట ఆనించి ఉంచితే ఎక్కబోయే చుట్టు వేలికి తెలుస్తుంది.

ప్రతి పది చుట్లకు ఒక కొస బయటికి తీసుకోవడం క్రిస్టల్ రేడియోలో ఎంతో మేలు చేస్తుంది. ఏరియల్‌నూ డయోడ్‌నూ ఏ కొసకు కలిపితే స్టేషన్లు విడివడి స్పష్టంగా వినిపిస్తాయో వెతుక్కోవచ్చు. అలా తీయవలసిన చోట తీగను ఒక పుల్ల మీదుగా చిన్న ఉచ్చులా వేసి రెండు మూడు మెలికలు తిప్పి వదిలేయండి. అన్నీ ఒకే వరుసలో కాకుండా ఒక్కొక్కటి కొంచెం పక్కకు వచ్చేలా తీస్తే టంకం వేయడానికి చోటు ఉంటుంది. చుట్టడం పూర్తయ్యాక లక్కను స్పిరిట్‌లో కరిగించి పల్చగా ఒక పూత పూస్తే చుట్లు కదలవు. పొడవాటి ఏరియల్, మంచి ఎర్త్ లేకపోతే ఎంత బాగా చుట్టిన చుట్ట కూడా మీకు వినిపించదు కాబట్టి, మిగిలిన శ్రద్ధ అటు పెట్టండి.

ప్రశ్న: తెలుగు పుస్తకంలో 26 గేజ్ అని ఉంటే ఇక్కడ 26 గేజ్ తీగే కొని చుట్టాను. బాబిన్‌లో చోటు మిగిలిపోతోంది, నిరోధం ఎక్కువ వస్తోంది. ఎక్కడ పొరబడ్డాను?
— ప్రవాసాంధ్ర పాఠకుడు, టెక్సాస్

జవాబు: మీరున్న చోట అమ్మేది ఎ.డబ్ల్యు.జి., అంటే అమెరికన్ గేజ్. మన 26 గేజ్ మందం 0.457 మిల్లీమీటర్లు, అక్కడి 26 గేజ్ 0.405. మీకు కావలసింది అక్కడి 25. సంఖ్య పెరిగే కొద్దీ తేడా ఇంకా ఎక్కువవుతుంది: మన 36 గేజ్ 0.193 మిల్లీమీటర్లు, దానికి దగ్గరగా ఉండేది అక్కడి 32 గేజ్, 0.202 మిల్లీమీటర్లు. ఏ దేశంలో కొన్నా గేజ్ సంఖ్యను పక్కనపెట్టి మిల్లీమీటర్లలో అడగడమే క్షేమం.

ప్రశ్న: చుట్ట బాగానే వస్తోంది కానీ కొసలకు టంకం పట్టడం లేదు. బ్లేడుతో గీస్తే కొన్నాళ్లకు అక్కడే తెగుతోంది.
— రేడియో మెకానిక్, నిజామాబాద్

జవాబు: తీగ మీది పూతలలో రెండు రకాలు మనకు ఎదురవుతాయి. పాలీయూరిథేన్ పూత బాగా వేడెక్కిన టంకంలో, సుమారు 400 డిగ్రీల దగ్గర, కొన్ని సెకన్లలో కరిగిపోయి రాగిని బయటపెడుతుంది. ఇలాంటి తీగను గీయనవసరమే లేదు. టంకపు కడ్డీ కొన మీద పెద్ద బొట్టు కరిగించి, తీగ కొసను ఆ బొట్టులో ముంచి, పూత పొగగా పోయి తీగ వెండిలా మెరిసే దాకా ఉంచితే చాలు. ఆ పొగ ఊపిరితిత్తులకు కీడు చేసేది కాబట్టి కిటికీ దగ్గర, ముఖం పక్కకు పెట్టి చేయాలి. మోటారు వైండింగ్‌కు అమ్మే తీగ మీద సాధారణంగా ఉండేది అధిక వేడిని తట్టుకునే పాలిస్టర్ జాతి పూత. అది మామూలు టంకపు వేడికి లొంగదు, గీయక తప్పదు.

గీయడానికి బ్లేడు వాడితే, మీరు గమనించినట్లే, రాగి మీద అడ్డంగా గాటు పడి, తీగ వంగినప్పుడల్లా ఆ గాటు దగ్గరే వంగి చివరకు తెగుతుంది. నున్నని ఎమరీ కాగితాన్ని గరుకు లోపలికి వచ్చేలా మడిచి, తీగ కొసను మడతలో పెట్టి, రెండు వేళ్లతో మెత్తగా నొక్కుతూ పొడుగునా లాగండి. ప్రతిసారీ తీగను కొంచెం తిప్పుతూ ఉంటే అన్ని వైపులా పూత పోతుంది. మన ఎమరీ దెబ్బకు 36 గేజ్ కంటే సన్ననివి నిలవవు. వాటికి కొనేటప్పుడే టంకం పట్టే పూత గల తీగను అడిగి తెచ్చుకోండి. విడివిడిగా పూత ఉన్న పలు పోగుల లిట్జ్ తీగలో ఒక్క పోగుకు టంకం పట్టకపోయినా ఆ పోగు లేనట్టే కాబట్టి, ఆ తీగ విషయంలో మరింత ఓపిక కావాలి.

ప్రశ్న: రెండు వేల చుట్ల కాయిల్ చుడుతూ మధ్యలో లెక్క మరిచిపోయాను. విప్పకుండా చుట్లు తెలుసుకునే మార్గం ఉందా?
— డిగ్రీ విద్యార్థిని, రామగుండం

జవాబు: ఉంది, రెండు మార్గాలున్నాయి. మొదటిది నిరోధం కొలవడం. మీరు వాడింది 36 గేజ్ తీగ, చుట్టు సగటు పొడవు 40 మిల్లీమీటర్లు అనుకుంటే రెండు వేల చుట్లకు 80 మీటర్లు, 47 ఓమ్‌లు రావాలి. అయితే ఈ లెక్క 20 డిగ్రీల వేడికి వర్తిస్తుంది. రాగి నిరోధం ఒక్కొక్క డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. మీ ఊళ్లో మే నెల మధ్యాహ్నం గదిలో 40 డిగ్రీలుంటే అదే కాయిల్ దాదాపు 51 ఓమ్‌లు చూపుతుంది. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకపోతే 150 చుట్లకు పైగా పొరపాటు జరుగుతుంది. దీనికి తోడు తీగ మందంలో ఒక శాతం తేడా ఉంటే నిరోధంలో రెండు శాతం తేడా వస్తుంది. కనుక ఈ పద్ధతి ఉజ్జాయింపుకే.

రెండో పద్ధతి వేడిమితోనూ తీగ మందంతోనూ నిమిత్తం లేనిది కనుక నాకు ఎక్కువ ఇష్టం. కాయిల్‌లో ఇనుప స్టాంపింగులు (ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పేర్చే ఇనుప రేకులు) తాత్కాలికంగా అమర్చి, పైన ఏదైనా తొడుగు వైరుతో సరిగ్గా 20 చుట్లు లెక్కపెట్టి చుట్టండి. లెక్క తెలియని కాయిల్‌కు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 6 వోల్టుల ఏ.సి. ఇచ్చి, 20 చుట్ల మీద ఎంత వోల్టేజి వస్తోందో మల్టీమీటర్ చిన్న రేంజిలో చూడండి. 60 మిల్లీవోల్టులు వస్తే నిష్పత్తి వంద, చుట్లు రెండు వేలు. 64 వస్తే సుమారు 1,875. ఇచ్చే వోల్టేజిని కూడా అదే సమయంలో కొలవాలి, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసి ఉన్న దానిని నమ్మకూడదు. ఒక్క జాగ్రత్త: ఎప్పుడూ ఎక్కువ చుట్లున్న కాయిల్‌కే వోల్టేజి ఇవ్వాలి. పొరపాటున 20 చుట్లకు ఇస్తే అటువైపు ప్రాణాపాయం కలిగించేంత వోల్టేజి పుట్టే అవకాశం ఉంది.

ప్రశ్న: ఎఫ్.ఎం. రిసీవర్ కిట్‌లో ఐదు చుట్ల చిన్న కాయిల్ చేతితో చుట్టుకోమన్నారు. ప్రతిసారీ చుట్ట విప్పారిపోయి ఆకారం చెడుతోంది, స్టేషన్లు ఉండవలసిన చోట ఉండటం లేదు.
— ఇంటర్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: 22 గేజ్ వంటి లావు తీగకు స్ప్రింగు గుణం ఉంటుంది. చుట్టేముందు ఒక అర మీటరు ముక్కను ఒక వైపు వైస్‌లో బిగించి, రెండో వైపు పటకారుతో పట్టుకొని, తీగ కొద్దిగా సాగినట్లు చేతికి తెలిసేదాకా ఒకే ఒక్కసారి లాగండి. వంకరలన్నీ పోయి తీగ కడ్డీలా అవుతుంది, చుట్టిన ఆకారాన్ని నిలుపుకుంటుంది. సన్నని తీగకు చేయకూడదని పైన చెప్పిన పనినే ఇక్కడ కావాలని చేస్తున్నాము. ఒకే పొర, గాలిలో నిలిచే ఐదు చుట్లే కాబట్టి ఆ కొద్ది సాగుడుతో ఇబ్బంది లేదు. 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం కావాలంటే దానికంటే అర మిల్లీమీటరు చిన్న డ్రిల్ బిట్ నునుపు భాగం మీద చుట్టండి, వదిలాక అది కాస్త విచ్చుకొని కావలసిన కొలతకు వస్తుంది. చుట్ల మధ్య సమానంగా ఎడం కావాలంటే రెండు తీగలను జతగా చుట్టి, ఒకదానిని తరువాత విప్పి తీసేయండి.

స్టేషన్లు చోటు తప్పడానికి కారణం ఆ ఎడమే. ఈ ఐదు చుట్లు ఆనుకొని 4 మిల్లీమీటర్ల పొడవున్నప్పుడు ఇండక్టెన్స్ 0.16 మైక్రోహెన్రీ, వాటిని 8 మిల్లీమీటర్లకు సాగదీస్తే 0.10. ఆ ఒక్క కదలికతో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు మొత్తం బ్యాండును దాటిపోవచ్చు. మీ ఊళ్లో 101.9 మీద రెయిన్‌బో, 102.8 మీద వివిధ భారతి ఉన్నాయి. వాటి మధ్య తేడా ఇండక్టెన్స్‌లో రెండు శాతం కూడా లేదు. కనుక చుట్లను వేలితో కాక వెదురు పుల్లతో, వెంట్రుకవాసి చొప్పున జరపాలి. ఇనుప స్క్రూడ్రైవర్ దగ్గరకు తెస్తేనే స్టేషన్ కదులుతుంది, తీసేయగానే మళ్లీ మారుతుంది.

సరిపడ్డాక కొవ్వొత్తి మైనం ఒకటి రెండు చుక్కలు కరిగించి చుట్ల మధ్య వేస్తే అవి కదలవు. మైనం పడగానే ఫ్రీక్వెన్సీ కొద్దిగా కిందికి దిగుతుంది కాబట్టి, మైనం వేసేముందు చుట్లను మరికొంచెం ఎడం చేసి స్టేషన్‌ను కాస్త పైకి జరిపి ఉంచుకోండి. మైనం గట్టిపడ్డాక వినిపించే చోటే దాని అసలు చోటు. ఇంకా తేడా ఉంటే వెచ్చని పిన్నుతో మైనాన్ని మెత్తబరచి మళ్లీ సర్దవచ్చు.